లైలాక్ పుట్టిల్లు: అడవి జాతుల ఉద్యాన ప్రవేశం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

‘పర్షియన్ లైలాక్’ అనే ఆంగ్ల నామం రెండు వేర్వేరు మొక్కలకు చెల్లుతోంది. ఒకటి తెలుగువారు తురకవేప అని పిలిచే చెట్టు. మరొకటి అసలైన లైలాక్ పొదల్లో ఒక రకం. తురకవేప సహజంగా పెరిగే నేల దక్షిణాసియా నుండి ఆస్ట్రేలియా వరకు విస్తరించి ఉంది. లైలాక్‌లలో ‘పర్షియన్’ అనిపించుకున్నది తోటల్లో తప్ప అడవిలో కానరాని సంకరం. అంటే ఆ పేరు రెండింటి విషయంలోనూ పుట్టుకను తెలపడం లేదు. మెక్సికో ప్రాంతపు చెట్టును మనం సీమచింత అన్నప్పుడు కూడా అది బయటినుండి వచ్చిందన్న సంగతినే గుర్తు పెట్టుకున్నాం. మొక్కల పేర్లలో వచ్చిన దారి నిలిచి, పుట్టిన నేల మరుగున పడడం సాధారణం. లైలాక్ చరిత్రలో ఈ మరుపు ఎంతకాలం సాగిందో, అడవి జాతులు ఏయే దారుల్లో తోటలకు చేరాయో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లైలాక్‌లు సిరింగా ప్రజాతికి చెందినవి. మన మల్లె, జాజి, పారిజాతాలున్న ఓలియేసి కుటుంబమే వీటిదీను. గొట్టంలాంటి పూవు, చివర నాలుగు రేకలు, గుత్తులుగా పూయడం, గాఢమైన పరిమళం వీటి లక్షణాలు. వర్గీకరణ చేసిన శాస్త్రజ్ఞుని బట్టి జాతుల సంఖ్య పన్నెండు నుండి ఇరవైకి పైగా మారుతుంది. రెండు జాతులు ఐరోపావి. పశ్చిమ హిమాలయాల్లోనూ లైలాక్ ఉంది. మిగిలినవాటిలో అత్యధికం చైనా, కొరియా, జపాన్ ప్రాంతాలవి. పూమొగ్గ విచ్చుకోవడానికి శీతకాలపు గట్టి చలి అవసరం కనుక తెలుగునేలపై ఈ పొద తోటమొక్క కాలేదు. అయితే దాని పేరులో మనకు తెలిసిన మాటే ఒకటి దాగి ఉంది. సంస్కృత ‘నీల’ శబ్దం పారశీకంలో ‘నీల్’గా, నీలివన్నె గలదన్న అర్థంలో ‘నీలక్’, ‘లీలక్’గా మారి, అరబ్బీ మీదుగా ఐరోపా భాషలకు చేరిందని భాషావేత్తలు వివరిస్తారు.

రాయబారి తెచ్చిన పొద

హాబ్స్‌బర్గ్ పాలకుడు ఫెర్డినాండ్ తరఫున సులేమాన్ సుల్తాను ఆస్థానంలో రాయబారిగా ఉన్న ఒజియే గిస్లాన్ ద బుస్బెక్ 1562లో కాన్‌స్టాంటినోపుల్ నుండి తిరిగివచ్చాడు. ఆయన ద్వారానే లైలాక్ వియన్నాకు చేరిందని ఉద్యాన చరిత్రకారుల సాధారణాభిప్రాయం. అదే ఆస్థానానికి చెందిన వైద్యుడు మత్తియోలి తన ఓషధి గ్రంథపు 1565 ముద్రణలో దాని చిత్రాన్ని ప్రకటించాడు. తురుష్క రాజధాని నుండి వచ్చింది, పేరేమో పారశీకం. కనుక పొద కూడా తూర్పుదేనని పండితులు నిశ్చయించుకున్నారు. 1753లో లిన్నేయస్ దీనికి సిరింగా వల్గారిస్ అని శాస్త్రీయ నామం పెట్టినప్పుడు కూడా స్వస్థలాన్ని పర్షియా వైపుకే చూపాడు.

ఈ నమ్మకం సడలడానికి రెండున్నర శతాబ్దాలకు పైగా పట్టింది. ఆంటన్ రోఖెల్ బనాత్ ప్రాంతపు అరుదైన మొక్కలపై 1828లో గ్రంథం వెలువరించాడు. ఆయనతోపాటు తరువాతి వృక్షశాస్త్రజ్ఞుల పరిశీలనల వల్ల లైలాక్ అక్కడి కొండల్లో స్వయంగా పెరిగే మొక్క అని స్థిరపడింది. నేటి రుమేనియా, సెర్బియా, బల్గేరియా దేశాల సున్నపురాతి గుట్టలు దాని పుట్టిల్లు. వియన్నా నుండి తురుష్క రాజధానికి వెళ్ళే నాటి రాజమార్గం బెల్‌గ్రేడ్, నిష్, సోఫియాల మీదుగా సాగేది. అంటే ఆ పొద పెరిగే దేశాన్ని దాటిపోయిన రాయబారి దానిని సుల్తాను నగరపు తోటల నుండి తెచ్చాడన్నమాట. బాల్కన్ గొర్రెల కాపరులకు అది ఏనాటినుండో తెలిసిన మొక్కే అయి ఉండాలి. గ్రంథాల్లోకి ఎక్కింది మాత్రం తోట లైలాకే.

పేరులో ఇంతకన్నా విచిత్రమైన పొరపాటు మరొకటి ఉంది. ఫ్రాన్సులోని రువాన్ నగరపు వృక్షోద్యానంలో 1777 ప్రాంతంలో సాధారణ లైలాక్‌కూ పర్షియన్ లైలాక్‌కూ ఒక సంకరం పుట్టింది. దానికి దక్కిన శాస్త్రీయ నామం సిరింగా చైనెన్సిస్. చైనా నేలను ఎరుగని పొద నేటికీ చైనా లైలాక్‌గానే చలామణి అవుతోంది.

అడవి జాతుల ప్రవేశం

ఐరోపాకు చెందిన రెండవ జాతి కార్పేతియన్ పర్వతాల తడినేలల్లో పెరుగుతుంది. రోజాలియా జోషికా అనే ప్రభుపత్ని దానిని వృక్షశాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చింది; 1830 ప్రాంతంలో ఆమె పేరిటే సిరింగా జోసికేయా అయింది. ఇంచుమించు అదే కాలంలో హిమాలయ లైలాక్ గ్రంథస్థమైంది. కలకత్తా వృక్షోద్యానాధిపతి వాలిచ్ దానికిచ్చిన ‘ఎమోడి’ అనే పేరు, ప్రాచీన గ్రీకు రోమన్ రచయితలు హిమాలయాలను పిలిచిన ఎమోడస్ నుండి వచ్చింది. అఫ్ఘానిస్థాన్ నుండి కాశ్మీరం, హిమాచల్, ఉత్తరాఖండ్‌ల మీదుగా నేపాల్ దాకా అది వ్యాపించి ఉంది. పూల వాసన అంత ఇంపుగా ఉండదు కనుక తోటల్లో దానికి పెద్ద ఆదరణ దొరకలేదు.

తోటల రూపురేఖలను నిజంగా మార్చింది చైనా జాతులే. నల్లమందు యుద్ధం ముగిసిన 1842లో నాన్‌కింగ్ ఒడంబడిక షాంఘై రేవును ఆంగ్లేయులకు తెరిచింది. ఆ నగరపు తోటలోనే రాబర్ట్ ఫార్చ్యూన్‌కు సిరింగా ఆబ్లాటా కనిపించింది. 1856లో అది ఇంగ్లండు చేరింది. ఇది సాధారణ లైలాక్ కన్నా ముందే పూస్తుంది. శరత్తులో దీని ఆకులు ఎర్రబారుతాయి. సాధారణ లైలాక్ ఆకుకు ఆ అందం లేదు.

ఈ రెండింటి కలయిక యుద్ధకాలంలో జరిగింది. 1870లో జర్మన్ సేనలు ఫ్రాన్సులోని నాన్సీ నగరాన్ని ఆక్రమించాయి. వ్యాపారం స్తంభించిన వేళ విక్టర్ లెమ్వాన్ అనే తోటమాలి తన నర్సరీలోని ముద్దపూల లైలాక్‌పై ఆబ్లాటా పుప్పొడి అద్దించాడు. ఆయన చూపు మందగించింది. ముద్దపూల రేకల మధ్య ఇరుక్కున్న కీలాగ్రాన్ని వెతికి పుప్పొడి అద్దే సున్నితమైన పనిని నిచ్చెనెక్కి చేసినది ఆయన భార్య మరీ లూయిజ్. ఆ నర్సరీ నుండి మూడు తరాల్లో రెండు వందలకు పైగా రకాలు వెలువడ్డాయి. లోకం వాటిని ‘ఫ్రెంచి లైలాక్’లు అన్నది. అందులో బాల్కన్ కొండా, షాంఘై తోటా రెండూ కనుమరుగయ్యాయి. ఆమె పేరు సైతం భర్త కథలో ఒక ఉపాఖ్యానంగానే మిగిలింది.

కెనడాలో ఇసబెల్లా ప్రెస్టన్ చేసిన కృషికి ఇంతకన్నా న్యాయమైన గుర్తింపు దక్కింది. ఒట్టావా ప్రయోగక్షేత్రంలో 1920లో ఆమె సిరింగా విల్లోసాను, హుబే కొండల నుండి వచ్చిన వేలాడుగుత్తుల రిఫ్లెక్సాను సంకరపరిచింది. తీవ్రమైన చలిని తట్టుకుని, సాధారణ లైలాక్ ముగిసిన తరువాత పూసే ఆ వర్గానికి ఆమె పేరే నిలిచింది. ఒక్కొక్క రకానికీ షేక్‌స్పియర్ నాయికల పేర్లు పెట్టడం ఆమె సరదా. జపాన్ లైలాక్ వృక్షం మరో తరహాది. మీగడవన్నె పూలతో, చిన్న చెట్టంత ఎదిగి, వీధుల వెంబడి నాటడానికి పనికివస్తుంది. తోటల్లో లైలాక్ కాలం కొన్ని వారాల నుండి వసంతం మొదలు వేసవి దాకా పొడిగిందంటే, అందుకు కారణం ఈ అడవి జాతులే.

కొరియా గింజలు

1947లో దక్షిణ కొరియా అమెరికా సైనిక పాలనలో ఉండేది. అక్కడ ఉద్యాన నిపుణుడిగా పనిచేస్తున్న ఎల్విన్ మీడర్ సియోల్ సమీపంలోని పుఖాన్ పర్వతంపై ఒక అడవి లైలాక్ గింజలు సేకరించి స్వదేశానికి తీసుకువెళ్ళాడు. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో పెంచిన మొలకల్లో నుండి ఎంపిక చేసిన పొట్టి పొద 1954లో ‘మిస్ కిమ్’ పేరుతో విడుదలైంది. చిన్న పెరట్లోనూ ఒదిగే పరిమాణం, ఆలస్యంగా వచ్చే పరిమళభరితమైన పూత, శరత్తులో ముదురెరుపు ఆకులు దానికి విశేష ప్రాచుర్యం తెచ్చాయి. తరువాత అది కొరియాకే దిగుమతి అయింది. సొంత కొండ మొక్కను పరాయి వ్యాపార నామంతో కొనుక్కోవలసి రావడం అక్కడి జీవవనరుల చర్చల్లో తరచూ ఉదాహరణగా వినిపిస్తుంది.

ఇతర మొక్కల పేర్ల కన్నా ఈ పేరు ఒక విధంగా నిజాయితీ గలది. కిమ్ కొరియాలో అత్యంత సాధారణమైన ఇంటిపేరు కనుక పుట్టిన దేశమైనా దానిలో తెలుస్తుంది. అయితే పేరు వేరు, హక్కు వేరు. జన్యువనరులపై ఆయా దేశాలకు సార్వభౌమాధికారం ఉందని అంతర్జాతీయ జీవవైవిధ్య ఒడంబడిక 1992లో గుర్తించింది. మన దేశంలో జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. ప్రయోజనాల పంపిణీకి నగోయా ఒప్పందం 2010లో కుదిరింది. హిమాచల్ కొండల్లోని ఎమోడి గింజలను నేడు ఎవరైనా వ్యాపారం కోసం విదేశానికి తీసుకువెళ్ళాలంటే అనుమతి పొందాలి. పుఖాన్ కొండపై 1947లో ఏరిన గింజలకు ఈ నిబంధనలేవీ వర్తించవు.