రోగి పడక ప్రక్కన ప్రార్థన: నర్సింగ్ విద్యార్థినులకు ఆధ్యాత్మికత ఇచ్చే ఆలంబన

సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాల నుండి నర్సింగ్ చదువు కోసం బెంగళూరు, వేలూరు, బరంపురం వంటి పట్టణాలకు వెళ్లే ఆడపిల్లలు అనేకులు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, ఏఎన్‌ఎం రెండేళ్లు. ఏ కోర్సు అయినా ఆసుపత్రి వార్డే అసలు తరగతి గది. పద్దెనిమిదేళ్ల యువతి ఇల్లు విడిచిన కొద్ది నెలలకే రక్తాన్ని, రోదనను, మరణాన్ని దగ్గరగా చూడవలసి వస్తుంది. మందు మోతాదులో పొరపాటు జరుగుతుందేమోనన్న భయం, రోగి ఎదుటనే పెద్దల మందలింపు, రాత్రి డ్యూటీ, ఇంటి మీద బెంగ దానికి తోడు. కన్నడమో తమిళమో చిన్ననాటి నుండి వినియున్న సరిహద్దు బిడ్డలకు రోగితో మాట్లాడే చిక్కు మాత్రం కొంత తక్కువ.

ఒత్తిడిని తట్టుకునే తీరులను మనోవిజ్ఞానవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో రెండుగా విభజించారు. సమస్యనే పరిష్కరించడం ఒకటి, సమస్య వలన కలిగిన ఆవేదనను అదుపు చేసుకోవడం రెండవది. సెలైన్ ఎక్కించడం చేతకాకపోతే సాధన చేయాలి. అది మొదటి తీరు. బ్రతకని రోగి విషయంలో సాధన చేయదగినదేమీ లేదు. ప్రార్థన, జపం, ధ్యానం, నమాజు, భజన ఆదుకునేది ఇక్కడనే. పలు దేశాలలో నర్సింగ్ విద్యార్థులను ప్రశ్నించినప్పుడు ప్రార్థన ఊరటనిస్తున్నదని చెప్పినవారు ఉన్నారు. అయితే ఇట్టి అధ్యయనాలు చాలవరకు ప్రశ్నావళులపై ఆధారపడినవి గనుక, ప్రార్థన వలననే ఒత్తిడి తగ్గినదని వాటిని బట్టి తేల్చలేము.

ఈ వృత్తికి భక్తితో సంబంధం పాతది. 1820 మే 12న జన్మించిన ఫ్లోరెన్స్ నైటింగేల్, 1837లో తనకు దైవపు పిలుపు కలిగినదని వ్రాసుకున్నారు. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో క్రైస్తవ సేవికల వద్ద శిక్షణ పొందారు. అయినను ఆమె పట్టుబట్టినది పరిశుభ్రత మీద, లెక్కల మీద. దీపాలు వెలిగించి విద్యార్థినులు చేసే ప్రతిజ్ఞకు ఆమె పేరున్నది గాని, అది ఆమె వ్రాసినది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రూపొందినది.

చిత్తూరు సరిహద్దుకు చేరువలోని వేలూరు కథ ఇంకా దగ్గరిది. 1870లో రాణిపేటలో జన్మించిన ఐడా స్కడర్ యువతిగా తిండివనంలో ఉన్నప్పుడు, పురుష వైద్యుని రానీయని మూడు ఇళ్లలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనతో మరణించారు. ఆ రాత్రినే దైవాజ్ఞగా భావించి ఆమె వైద్యం చదివారు. 1900లో ఒకే మంచంతో వేలూరులో వైద్యం ఆరంభించారు. 1909లో అక్కడ నర్సుల శిక్షణ మొదలైంది. 1946లో డిగ్రీ కోర్సు వచ్చింది.

గ్రామ కుటుంబాల పిల్లలకు కఠినమైన పరీక్ష మరొకటి ఉన్నది. మృతదేహానికి కన్నులు మూసి, దవడ కట్టి, శరీరం తుడిచి, బట్ట కప్పడం నర్సు విధి. చావు ఇంటికి వెళ్లివస్తే తలస్నానం చేయనిదే గడప దాటని ఆచారంలో పెరిగిన పిల్ల, ఆ చేతులు కడుగుకొని వెంటనే ప్రక్క మంచం రోగికి మందు ఇవ్వవలసి ఉంటుంది. మైల పట్టినదన్న శంక కొందరిని రోజుల తరబడి వేధిస్తుంది. డ్యూటీ ముగిసిన పిమ్మట స్నానం చేసి దీపం పెట్టుకోవడంతో సమాధానపడేవారున్నారు. ఆ స్నానం ఆరోగ్యశాస్త్రానికి సైతం సమ్మతమే. దేహాన్ని తుడుస్తున్నంతసేపు మనసులో ఇష్టదైవాన్ని తలచుకోవడం, మరణించిన వారిని బ్రతికియున్నట్లే పేరుపెట్టి పిలవడం మరికొందరికి బలం.

చేతికి కట్టిన తోరం, కాశీదారం, గాజులు వార్డులో తీయమంటారు. అది మతాన్ని కించపరచడం కాదు. మణికట్టు వద్ద తడి దారంలో సూక్ష్మక్రిములు నిలిచి ఒక రోగి నుండి మరొక రోగికి ప్రాకుతాయి. దారాన్ని పూజ వద్ద ఉంచుకోవచ్చు. కార్తీక సోమవారమో రంజానో ఉపవాసం ఉండేవారు ఆ సంగతి వార్డు సిస్టరుకు ముందే చెప్పడం మేలు. ఆపరేషన్ థియేటరులో కళ్లు తిరిగి పడితే చిక్కు రోగికి కూడా.

విశ్వాసం గాయపరచే సందర్భాలూ ఉన్నాయి. మనోవిజ్ఞానవేత్త కెన్నెత్ పార్గమెంట్ ఈ రెండు ముఖాలను విడదీసి చూపారు. దేవుడు తోడున్నాడన్న నమ్మకం ఊరటనిస్తే, దేవుడు శిక్షిస్తున్నాడన్న తలపు కుంగదీస్తుంది. పసిబిడ్డ మరణించిన దినాన ఫోనులో ఏడ్చే కుమార్తెకు “అంతా కర్మ” అని ముగించడం కంటె, ఆమె చెప్పినంతసేపు వినడం ఎక్కువ ఉపకరిస్తుంది. తాను నమ్మినది రోగిపై రుద్దరాదన్నది కూడా ఆమె నేర్వవలసినదే. రోగి కోరితే అతని మత గురువును పిలిపించడం సరియైన పద్ధతి.

నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, తరగతికి వెళ్లకపోవడం, బ్రతుకు మీద విరక్తి రెండు వారాలకు మించి కొనసాగితే మొక్కుబడితో సరిపెట్టరాదు. కళాశాల అధ్యాపకులకు తెలిపి మానసిక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలి. ప్రాణం తీసుకోవాలన్న మాట వినబడితే రెండు వారాలు కాదు, ఆ దినమే వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఆరంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రంతో 14416 నంబరులో ఉచితంగా, రాత్రింబవళ్లు, తెలుగులో సైతం మాట్లాడవచ్చు.