గోలకు ఇంగ్లీషులో ఎన్ని పేర్లు!

ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసేటప్పుడు 'బెడ్లం' అనే మాట ఎదురైతే పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు. 'సంతంతా గోలగోలగా ఉంది' అని రాసేసి ముందుకు పోవచ్చు. నేనూ చాలాసార్లు అదే చేశాను. అర్థం చెడలేదు. కాని ఆ మాట వెనక ఒక ఆస్పత్రి ఉందన్న సంగతి నా తెలుగు వాక్యంలోకి రాలేదు.

పెద్ద చప్పుళ్ళకూ, చప్పుళ్ళతో నిండిన చోట్లకూ ఇంగ్లీషులో ఉన్న మాటల్ని మీరు ఒకసారి నిఘంటువులో తిరగేసి చూడండి. చాలా మాటలు చెవిన పడినదేమిటో చెప్పవు. విన్నవాడికి ఏమనిపించిందో చెబుతాయి.

'నాయిజ్' సంగతే చూద్దాం. ఇది 13వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచిలో దానికి గొడవ, కొట్లాట అని అర్థం. ఇంకా వెనక్కి వెళ్తే లాటిన్‌లోని 'నాసియా' దీనికి మూలమై ఉండవచ్చునని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే ఓడ ప్రయాణంలో కడుపు తిప్పడం, వాంతి వచ్చేట్టు ఉండడం. మన డాక్టర్లు వాడే నాసియా కూడా ఇదే. కడుపులోని వికారం చెవిలోకి ఎక్కిందన్నమాట!

ఇక బెడ్లం దగ్గరికి వద్దాం. 1247లో లండన్‌లో ఒక క్రైస్తవ మఠం వెలిసింది. ఏసు పుట్టిన ఊరి పేరు మీద దాన్ని బెత్లెహెమ్ అన్నారు. కాలక్రమాన అది ఆస్పత్రి అయింది. మతి తప్పిన రోగులు ఆరుగురు అక్కడ ఉన్నట్టు 1403 నాటి తనిఖీలో నమోదైంది. జనం నోట్లో బెత్లెహెమ్ నలిగి బెడ్లం అయింది. 1676లో ఈ ఆస్పత్రిని మూర్‌ఫీల్డ్స్ అనే చోట కట్టిన కొత్త భవనంలోకి మార్చారు. బయటి నుంచి చూస్తే రాజభవనంలా ఉండే ఆ కట్టడానికి నమూనా గీసినవాడు మనకు తెలిసినవాడే. స్ప్రింగు ఎంత సాగుతుందో చెప్పే సూత్రానికి తన పేరిచ్చిన రాబర్ట్ హుక్. (ఆ సూత్రాన్ని ఆయన అదే ఏడాది అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా ప్రకటించాడు. విప్పి చెప్పింది 1678లో.)

ఆ భవనంలోకి లండన్ జనం వేడుక చూడటానికి వెళ్ళేవారు. సెలవు రోజుల్లో మరీ ఎక్కువ. రోగుల కేకలు, గొలుసుల చప్పుడు, చూడవచ్చినవారి నవ్వులు అన్నీ కలిసేవి. ఎవరు పడితే వారు లోపలికి వెళ్ళే వీలు 1770 దాకా సాగింది. ఆ లోపే ఆస్పత్రి పేరు మామూలు మాటగా మారిపోయింది. కిక్కిరిసిన వీధీ బెడ్లమే, అదుపు తప్పిన తరగతి గదీ బెడ్లమే. వైద్యం కోసం వచ్చినవాళ్ళ బాధ భాషలో మిగిలింది ఇలాగ.

విచిత్రమేమంటే, చప్పుడుకూ స్వరానికీ తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి పనికొచ్చే ప్రయోగం చేసినవాడూ హుక్కే. 1681లో ఆయన రాయల్ సొసైటీ ముందు పళ్ళున్న ఇత్తడి చక్రాలను తిప్పి చూపించాడు. పళ్ళు సమానమైన ఎడంతో, వేగంగా తగిలితే టకటక పోయి స్వరం పలుకుతుంది. వేగం పెరిగితే స్వరం హెచ్చుతుంది. క్రమంగా పునరావృతమయ్యే కంపనం స్వరమనీ, క్రమం లేనిది రొద అనీ జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్‌జ్ 1863లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. ఇందులో వికారం లేదు, పిచ్చి లేదు.

'పాండెమోనియం' కథ చిన్నది. 1667లో మిల్టన్ తన కావ్యంలో నరకానికి రాజధాని కట్టి దానికి ఈ పేరు కల్పించాడు. సకల దయ్యాల నిలయం అని అర్థం. నిజానికి కావ్యంలో ఆ దయ్యాలు అక్కడ బుద్ధిగా సభ జరుపుకుంటాయి. గోల తర్వాతివాళ్ళు చేర్చినది.

ఇంతవరకు ఇంగ్లండు గొడవ. మరి ఇంగ్లీషువాళ్ళు మన దేశానికి వచ్చినప్పుడు ఏం విన్నారు? మొహర్రంలో, మన ఊళ్ళలో పీర్ల పండగ అంటామే, ఆ ఊరేగింపుల్లో 'యా హసన్! యా హుసేన్!' అని గుండెలు బాదుకుంటూ శోకించడం వారి చెవిన పడింది. 680లో కర్బలాలో జరిగిన వధను తలచుకుని ఏడ్చే ఏడుపు అది. తెల్ల సోల్జర్ల నోట అది 'హాబ్సన్ జాబ్సన్' అయింది. పోనీ పలకడం రాలేదనుకుందాం. కాని దానికి వారు కట్టిన అర్థం ఏమిటి? నేటివుల పండగ సందడి! హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అనే ఇద్దరు కూర్చిన ఆంగ్లో ఇండియన్ పదకోశం 1886లో ఇదే పేరుతో వెలువడింది. బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసినవాడు, దక్షిణాది భాషలు క్షుణ్ణంగా చదివినవాడు. అంతటివారి గ్రంథానికీ ఆ పేరే దక్కింది. పరభాషా పదాన్ని తమ నోటికి తగ్గట్టు వంచుకోవడాన్ని భాషాశాస్త్రంలో హాబ్సన్ జాబ్సన్ అనడం కూడా అక్కడి నుంచే వచ్చింది.

'టాంటాం' కూడా ఇక్కడి నుంచి వెళ్ళినదే. డప్పు మోతను అనుకరించిన మాట. మన 'టముకు'కూ దానికీ ఉన్న పోలిక మీకు వినిపిస్తూనే ఉంది కదా!

ఎదుటివాడి చప్పుడును ఇలా తిట్టుకోవడం మాని కొలవడం మొదలైంది 20వ శతాబ్దంలోనే. టెలిఫోను తీగల్లో శబ్దం ఎంత తగ్గుతోందో లెక్కించడానికి అమెరికాలోని బెల్ సంస్థ ఇంజనీర్లు ఒక ప్రమాణం తయారు చేసుకున్నారు. 1928లో దానికి డెసిబెల్ అని పేరు పెట్టారు. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్ద తీవ్రత 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు. 1929లో న్యూయార్క్ నగరం రొద నివారణకు ఒక సంఘాన్ని నియమించింది. కొలిచే పరికరాలను ఒక వాహనంలో పెట్టి వీధుల్లో తిప్పారు. చాలా చోట్ల బెంగాల్ పులి గర్జించినా దారిన పోయేవారికి వినపడదని ఆ సంఘం 1930 నాటి నివేదికలో రాసింది.

మన దేశంలో 2000లో వచ్చిన నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. అంటే రాత్రికి అనుమతించిన తీవ్రత పగటిలో పదో వంతు. మీటరుకు భజన, బారాత్, జనరేటర్ అన్న భేదం లేదు. దాని సౌకర్యమూ అదే, లోపమూ అదే.

ఇక అనువాదకుడిగా నా ఫిర్యాదు ఒకటి. 'నాయిజ్ పొల్యూషన్'ను మనం శబ్ద కాలుష్యం చేశాం. కోకిల కూసినా శబ్దమే, మృదంగం మోగినా శబ్దమే. రొద, మోత, హోరు, గోల ఇన్ని ఉండగా ఏ పాపం ఎరగని శబ్దాన్ని దోషిగా నిలబెట్టాం. 'రొద కాలుష్యం' అని రాసి చూశాను, పరిభాషలో లేదని కొట్టేశారు.

డెసిబెల్‌లో ఉన్న బెల్ సంగతి చెప్పడం మరిచాను. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరే అది. ఆయన ఉద్యోగం చెవిటివారికి మాటలు నేర్పడం. తల్లికి సరిగా వినపడదు. భార్య మేబెల్‌కు ఐదో ఏట జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. పెళ్ళికి ముందు ఆమె ఆయన శిష్యురాలు.