గుర్రం కుంటింది, మనిషి ఆగాడు

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

మా పాత క్యాంపులో జగిత్యాల దిక్కు అన్న ఒకాయన ఉండేవాడు. బస్సు దిగి సైటు దాకా నడిచేలోపు రెండుసార్లు ఆగేవాడు. "పిక్కలు పట్టేస్తున్నయ్ రా" అనేవాడు. రెండు మూడు నిమిషాలు నిలబడితే నొప్పి పోయేది, మళ్లీ నడిచేవాడు. ఫోర్‌మన్ దృష్టిలో ఆయన పనిదొంగ. నిజం చెప్పాలంటే మేమూ నవ్వినం. నిలబడితే పోయే నొప్పి కూడా ఒక నొప్పేనా అనుకున్నం.

ఆ నొప్పికి దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అది మొదలైంది గుర్రంతో. 1831లో ఫ్రాన్స్‌లో బూలే అనే పశువైద్యుడు ఒక బండి గుర్రం గురించి రాశాడు. కాసేపు పరిగెత్తగానే కుంటేది, ఆపితే మామూలైపోయేది. అది చనిపోయాక కోసి చూస్తే తొడలోని రక్తనాళం పూడుకుపోయి ఉంది. 1858లో పారిస్ డాక్టర్ షార్కో దగ్గరికి ఇదే బాధతో ఒక మనిషి వచ్చాడు. పాత తూటా గాయం వల్ల అతని కాలికి రక్తం తీసుకెళ్లే నాళం దెబ్బతింది. షార్కోకు గుర్రం సంగతి గుర్తుకొచ్చింది. పశువుల డాక్టర్ రాసింది మనుషుల డాక్టర్‌కు పనికొచ్చిందన్నమాట.

ఆగితే నొప్పి ఎందుకు పోతుంది? ట్యాంకు పైపులో పాచి పట్టిందనుకోండి. ఒక్క నల్లా తిప్పితే నీళ్లు సరిపోతాయి, అన్నీ తిప్పితే సన్నగా కారుతాయి. కాలూ అంతే. కూర్చున్నప్పుడు కండకు కొంచెం రక్తం చాలు. నడిస్తే ఎన్నో రెట్లు కావాలి, ఇరుకైన నాళం ఇవ్వలేదు, పిక్క పట్టేస్తుంది. అందుకే ఈ నొప్పి ఇంచుమించు అంతే దూరానికి వస్తుంది, ఎత్తు ఎక్కితే ఇంకా తొందరగా వస్తుంది. మనవాళ్లు దీన్ని "నరాల వీక్‌నెస్" అని బలం గోలీలు మింగుతారు. ఇది నరం కాదు, రక్తం దారి.

పొగాకుకూ దీనికీ ఉన్న సంబంధాన్ని 1900 తర్వాతి ఏళ్లలో జర్మనీ డాక్టర్ ఎర్బ్ ఎత్తిచూపాడు. 1908లో న్యూయార్క్‌లో బర్జర్ అనే డాక్టర్, తీసేసిన కాళ్లలోని నాళాలను పరీక్షించి ఇంకో రకం జబ్బును వివరించాడు. అది పొగతాగే వయసులో ఉన్న మగవాళ్లకే ఎక్కువగా వస్తుంది. దానికి ఆయన పేరే పెట్టారు. మన దేశంలో బీడీ తాగేవాళ్లలో అది ఇప్పటికీ కనిపిస్తుంది. మా అన్న ఇంట్లో వదిన బీడీలు చుట్టేది. ఆయన వీసా అప్పు తీర్చింది ఆ పైసలే. ఇక్కడ ఆయన చేతిలో ఆరనిదీ బీడీయే.

ఒకప్పుడు ముదిరితే కాలు తీసేయడమే. 1948లో పారిస్‌లో కున్లిన్ అనే సర్జన్, రోగి కాలిలోని సిరనే తీసి పూడిన చోటుకు పక్కదారిగా కుట్టాడు. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో, కాలు తీయొద్దన్న 82 ఏళ్ల ముసలమ్మకు డాక్టర్ డాటర్ కోత లేకుండా సన్న గొట్టాలతో నాళాన్ని వెడల్పు చేశాడు. ఆమె చనిపోయేదాకా తన కాళ్ల మీదే నడిచింది. 1966లో డెన్మార్క్ డాక్టర్లు ఖర్చులేని మందు చూపించారు: రోజూ నడవడం. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడిస్తే నడిచే దూరం పెరుగుతుంది. డాక్టర్ సలహాతో ఇప్పటికీ ఇదే చేయిస్తారు.

పరీక్ష కూడా పెద్దదేం కాదు. చేతి దగ్గర, చీలమండ దగ్గర బీపీ కొలిచి పోలుస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు తిమ్మిరి వల్ల నొప్పి తెలియకపోవచ్చు, పాదాలు రోజూ చూసుకోండి. పడుకున్నా పాదం నొప్పి పెడుతున్నా, పుండు మానకపోయినా ఆలస్యం చేయొద్దు. కాలు ఉన్నట్టుండి చల్లబడి పాలిపోతే ఆ గంటలోనే ఎమర్జెన్సీకి పోండి.

మా అన్న సెలవు దొరికేదాకా ఆగాడు. ఊరికి పోయాక రెండు కాలివేళ్లు తీసేశారు. బీడీ అప్పుడు మానేశాడు. మొన్న ఫోన్ చేస్తే, "చెరువు కట్ట దాకా ఆగకుండా పోతున్న తమ్మీ" అన్నాడు. ఆ రోజు నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మీ రూములో నడుస్తూ నడుస్తూ ఆగేవాళ్లు ఎవరైనా ఉంటే నవ్వకండి. పక్కన నిలబడి అడగండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.