మందుల జల్లెడలో మగవాడు

శాస్త్రవిజ్ఞానానికి పక్షం లేదని మనలో చాలామంది నమ్ముతారు. కాని ఏ దేహంపై పరీక్షించాలో, ఏ బాధను సహించదగినదిగా లెక్కించాలో నిర్ణయించే సమాజానికి పక్షం ఉంది. మగవాడికి హార్మోన్లు లేని గర్భనిరోధక మాత్ర కోసం సాగిన అన్వేషణే ఇందుకు సాక్ష్యం.

1950లలో అమెరికాలోని స్టెర్లింగ్-విన్‌త్రాప్ పరిశోధనాలయం అమీబా వ్యాధికి మందు వెతుకుతూ రసాయనాలను జల్లెడ పట్టింది. వాటిలో కొన్ని ఎలుకల్లో వీర్యకణాల ఉత్పత్తిని ఆపివేశాయి. అలాంటి విన్ 18,446ను కార్ల్ హెల్లర్ బృందం ఆరెగాన్ జైలు ఖైదీలకిచ్చి, 1961లో ఫలితాలు ప్రకటించింది. వీర్యకణాలు బాగా తగ్గాయి. మందు మానాక తిరిగి వచ్చాయి. ఊచల వెనక ఉన్నవాడి అంగీకారం ఎంత స్వేచ్ఛగలదన్న ప్రశ్న అలాగే మిగిలింది.

జైల్లో మద్యం లేదు. బయటివాళ్లు వాడినప్పుడు గాని లోపం తెలియలేదు. మందు వేసుకుని తాగితే ముఖం ఎర్రబారేది, గుండె దడదడలాడేది, వాంతులయ్యేవి. ప్రమాదం నిజమే, మందును పక్కన పెట్టేశారు.

ఆ కాలంలోనే, 1956లో, ప్యూర్టోరికోలో పేద స్త్రీలపై హార్మోన్ల మాత్ర పరీక్ష మొదలైంది. తలతిరుగుడు, వాంతులు ఎక్కువగా ఉన్నాయని ఆ పరీక్ష నడిపిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే స్వయంగా హెచ్చరించారు. అయినా 1960లో అమెరికా ప్రభుత్వం దాన్ని అనుమతించింది. ఆ మాత్ర ఎందరో స్త్రీలకు వెసులుబాటునిచ్చిన మాట కాదనలేం. కాని ఒకచోట బాధ ప్రయోగాన్ని ఆపింది, మరోచోట ఆపలేదు. ఈ తేడాను రసాయనశాస్త్రం ఒక్కటే వివరించలేదు.

విన్ 18,446 పనిచేసే తీరు 2011లో గాని తేలలేదు. వీర్యకణాలు తయారుకావాలంటే ఎ విటమిను నుంచి పుట్టే రెటినోయిక్ ఆమ్లం కావాలి. దాన్ని తయారుచేసే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. శరీరంలో మద్యాన్ని విరిచే ఎంజైము దానికి దగ్గరి బంధువు. ఆ ఎంజైము జోలికి పోకుండా, ఆమ్లం పనిచేసే గ్రాహకాన్నే మూసే వైసీటీ-529 ఇటీవల వచ్చింది. 16 మంది మగవాళ్లతో జరిగిన తొలి భద్రతా పరీక్ష ఫలితాలు 2025లో వెలువడ్డాయి.

ఈ పక్షపాతం అమెరికాకే పరిమితం కాదు. ఎమర్జెన్సీలో, 1976-77లో, మన దేశంలో సుమారు 62 లక్షల వేసెక్టమీలు జరిగాయి. వాటిలో ఎన్నో బలవంతపువి. ఆ ఆగ్రహానికి జడిసిన ప్రభుత్వాలు తర్వాత స్త్రీల వైపు తిరిగాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీల ఆపరేషన్లు 37.9 శాతం, మగవాళ్లవి 0.3 శాతం.

మన వాడుకలో గొడ్రాలు అనే మాట ఉంది; దానికి దీటైన పుంలింగం వినపడదు. తెలుగు పాఠం చెప్పే నాకు ఇది ఒట్టి పదాల లోటుగా తోచదు. మగవాడి మాత్ర రేపు దుకాణానికి రావచ్చు. దాన్ని తన బాధ్యతగా మింగే మగవాణ్ణి తయారుచేసే పనిలో మన కథకూ, కవితకూ వాటా ఉంది.