ప్లాటు రాళ్ళ కింద పాత ఊళ్ళు

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్యాసం రాయమని సంపాదకవర్గ మిత్రులు అడిగారు. రాజులు, యుద్ధాల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మనందరికీ ఎంతోకొంత సంబంధం ఉన్న విషయం ఎంచుకున్నాను. మనలో చాలామందిమి గ్రాట్యుటీ సొమ్ముతోనో, హౌసింగ్ సొసైటీ ద్వారానో ఊరి శివార్లలో రెండు వందల గజాల స్థలం కొన్నవాళ్ళమే. కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూశాం, ముప్పై ఏళ్ళకు ఈ.సి. తీయించాం, సర్వే నంబరు సరిచూసుకున్నాం. అంతకుముందు ఆ భూమి మాగాణో మెట్టో అని తెలుసుకున్నాం. దానికీ ముందు ఏమిటన్నది ఏ రిజిస్ట్రారు ఆఫీసులోనూ దొరకదు. ఆ సంగతి మట్టినే అడగాలి.

కొన్ని దేశాలలో పొలం మీద ఇళ్ళు లేచేముందు మట్టిని నిజంగానే అలా అడుగుతారు. మన దగ్గర ఆ ఆనవాయితీ లేదు. అడిగినచోట ఏం తెలిసింది, అడగనిచోట ఏం పోయింది అన్నది చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాటి అంటే

రెవెన్యూ శాఖలో పనిచేసినవారికి పొలాల పేర్లు కొత్త కాదు. ఒకప్పుడు జనం ఉండి, ఏ కారణం చేతనో విడిచిపెట్టి వెళ్ళిన ఊరి స్థలాన్ని మన పల్లెల్లో పాటి అంటారు. పాటిచేను, పాటిదిబ్బ, పాటిగడ్డ అన్న పేర్లు అలా వచ్చినవే. మనుషులు, పశువులు తరతరాలుగా మసలిన చోటు గనుక ఆ మట్టికి సత్తువ ఎక్కువ. అందుకే వేసవిలో రైతులు పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. నేను పనిచేసిన తాలూకాలో అటువంటి దిబ్బ ఒకటి ఏటికేడాది తరిగిపోవడం కళ్ళారా చూశాను. వాన వెలిసిన మర్నాడు పిల్లలు అక్కడ పూసలు, పెంకులు ఏరుకునేవారు. చివరకు అది చుట్టుపక్కల చేలతో సమంగా చదునైపోయింది. ఎరువుకోసం తోలుకున్న రైతును తప్పు పట్టలేం. అది ఊరని అతనికి తెలుసు, ఎన్ని ఏళ్ళనాటి ఊరో చెప్పినవారు లేరు.

ఇటువంటి దిబ్బల విలువ తెలియాలంటే అప్పటి కరీంనగర్ జిల్లాలోని పెద్దబంకూరు చూడాలి. 1960ల చివర నుంచి 1970ల దాకా రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యంలో అక్కడ తవ్వింది. శాతవాహనుల నాటి ఇటుక కట్టడాలు, మట్టి ఒరలు దించిన బావులు, వేల సంఖ్యలో నాణేలు బయటపడ్డాయి. పైకి చూస్తే అది పొలమే.

అమరావతిలో జరిగింది

ఇళ్ళ నిర్మాణం కోసం పాత దిబ్బను తవ్విన ఉదంతాల్లో మనకు అన్నిటికన్నా పెద్దది అమరావతిది. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు చింతపల్లి విడిచి కృష్ణ ఒడ్డున అమరేశ్వరాలయం దగ్గర కొత్త పట్నం కట్టించసాగారు. ఆయన దాత, ఆలయ నిర్మాత. పట్నానికి రాయి, ఇటుక కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉంది. పనివాళ్ళు దాన్ని తవ్వేసరికి పెద్ద ఇటుకలు, చెక్కడపు పలకలు బయటపడ్డాయి. ఆ సంగతి విని 1790ల చివరలో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో మనుషులతో వచ్చి బొమ్మలు గీయించేనాటికి దిబ్బ నడిమి భాగం తవ్వి చెరువుగా మార్చారు. పలకలు కొన్ని శివగంగ కోనేటి మెట్లకు చేరాయి, కొన్ని కొత్త కట్టడాల్లో కలిసిపోయాయి.

అది బౌద్ధ మహాచైత్యమని అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్, 1877లో రాబర్ట్ సూయెల్, 1880 దశకం మొదట్లో జేమ్స్ బర్జెస్ ఒకరి తర్వాత ఒకరు తవ్వారు. ఇలియట్ తీసిన పలకలు మద్రాసు మీదుగా లండన్ చేరి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. మన శిల్పం లండన్‌లో ఉందని మనం బాధపడుతుంటాం. నిజానికి అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. శిల్పం ఎక్కడున్నా చూడవచ్చు. ఏ పలక ఏ చోట, ఏ పొరలో, దేని పక్కన ఉండేదన్నది మాత్రం మళ్ళీ రాదు.

గుమాస్తాగిరీ చేసినవారికి ఇది చెప్పడం తేలిక. ఫైలులో కాగితాలకు పేజీ నంబర్లు వేసి ఉంటే పదేళ్ళ తర్వాత కూడా కేసు నడక తెలుస్తుంది. దారం తెంపి, కాగితాలు కలిపేసి, వాటిలో చక్కటి దస్తూరీ ఉన్న నాలుగు మాత్రం దాచుకుంటే ఫైలు పోయినట్టే. మట్టి పొరలు అటువంటి ఫైలు. అడుగున పాతది, పైన కొత్తది. 1944 నుంచి 1948 దాకా కేంద్ర పురావస్తు శాఖకు అధిపతిగా ఉన్న మార్టిమర్ వీలర్ మన దేశపు యువ పరిశోధకులకు పట్టుబట్టి నేర్పింది ఈ పొరల లెక్కే. అమరావతిలోనే 1958-59లోనూ, 1973-75లోనూ మిగిలిన భాగాన్ని పద్ధతి ప్రకారం తవ్వినప్పుడు స్తూపం పుట్టుక మౌర్యుల కాలం దాకా పోతుందని తేలింది. అంతటి విధ్వంసం తర్వాత మిగిలిన కాస్త మట్టి చెప్పిన మాట అది.

పొరలు చదివితే శిల్పాలు లేనిచోట కూడా చరిత్ర దొరుకుతుంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) ఒక బూడిద దిబ్బ ఉండేది. ఇటువంటి దిబ్బలను గురించి జనం రాక్షసుల కథలు చెప్పుకునేవారు. 1957లో ఆల్చిన్ అనే ఆంగ్ల పరిశోధకుడు అక్కడ కందకం తవ్వి చూస్తే, అది వేల ఏళ్ళ కిందటి పశువుల దొడ్డి అని, పేడ కుప్పలు తగలబడి ఆ బూడిద పేరుకున్నదని తేలింది. దొడ్డి నేలలో పశువుల గిట్టల గుర్తులు కూడా అచ్చుపడి ఉన్నాయి. కొత్త రాతియుగంలో మన ప్రాంతపు రైతు పశువులను ఎలా కాచుకున్నాడో ఒక బూడిద గుట్ట చెప్పింది.

నాగార్జునకొండ నేర్పిన పాఠం

అమరావతికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ కృష్ణానది మీదనే ఎగువన ఉంది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఆ లోయలో పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన విభాగంలో తెలుగు సహాయకులుగా ఉన్న రంగస్వామి సరస్వతిగారు వెళ్ళి చూశారు. ఆ తర్వాత లాంగ్‌హర్స్ట్, రామచంద్రన్ గార్లు తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి లోకానికి తెలిసింది ఆ పంతులుగారి కబురుతోనే.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు గనుక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వాన లోయనంతటినీ భాగాలుగా విభజించి, వందకు పైగా స్థలాలను తవ్వి, కొలిచి, గీసి, ఫొటోలు తీశారు. రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట దాకా అన్నీ వరుసలో నమోదయ్యాయి. ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించి మళ్ళీ నిలబెట్టారు. కొండమీది మ్యూజియం 1966లో తెరిచారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. తవ్వకాల వల్ల ఆనకట్ట ఆగలేదు. లక్షల ఎకరాలకు నీళ్ళూ వచ్చాయి, విజయపురి చరిత్రా దక్కింది. చూడటం వేరు, ఆపడం వేరు. ఈ తేడా తెలియకనే మన రైతులు, వెంచర్ల వాళ్ళు పురావస్తు శాఖ పేరు చెబితే జంకుతారు.

పరీక్ష కందకం

ఆనకట్టకు ముందు చేసిన పనినే ఇళ్ళ స్థలాలకు ముందు చిన్న ఎత్తున చేయడం ఇంగ్లండులో మామూలు విషయం. దానికి కారణం ఒక రభస. 1989లో లండన్‌లో ఆఫీసు భవనం కోసం పునాది తీస్తుంటే షేక్‌స్పియర్ కాలపు రోజ్ నాటకశాల అవశేషాలు బయటపడ్డాయి. పని సగంలో ఉండగా జనం అడ్డుపడ్డారు, నటులు రోడ్డెక్కారు, కట్టేవాళ్ళు నష్టపోయారు. ముందే చూసి ఉంటే ఇంత గొడవ లేకపోయేది గదా అని 1990 నవంబరులో అక్కడి ప్రభుత్వం ప్లానింగ్ శాఖలకు ఒక మార్గదర్శక పత్రం ఇచ్చింది. అనుమతి ఇవ్వకముందే భూమిలో ఏముందో తెలుసుకోవాలి, ఖర్చు కట్టేవాడు భరించాలి అన్నది దాని సారం. 2012లో వచ్చిన జాతీయ ప్లానింగ్ విధానం కూడా ఆ సూత్రాన్ని నిలుపుకుంది.

పద్ధతి ఇలా ఉంటుంది. ఒక పొలంలో వంద ఇళ్ళు కట్టాలని కంపెనీ దరఖాస్తు పెడితే, మొదట పాత మ్యాపులు, రికార్డులు తిరగేస్తారు. దున్నిన చేలో వరుసగా నడిచి పెంకులు ఏరుతారు. భూమిలోని అయస్కాంత తేడాలు కొలిచే పరికరంతో పూడిపోయిన గుంటలు, కొలుముల జాడ పడతారు. ఆ తర్వాత కందకాలు. ఒక్కొక్కటి సుమారు రెండు మీటర్ల వెడల్పు, ముప్పై నుంచి యాభై మీటర్ల పొడవు. పొలమంతా తవ్వరు, సాధారణంగా నూటికి రెండు నుంచి ఐదు వంతులు మాత్రమే. పళ్ళు లేని బకెట్ ఉన్న యంత్రంతో పైమట్టిని పలుచగా గీకుతారు. కింది నేల రంగు మారిన చోట యంత్రం ఆపి, తాపీలతో మనుషులు దిగుతారు. గుంజలు పాతిన గుంటలు, పాత కాలువలు, పొయ్యి బూడిద, పెంకులు అన్నీ కొలిచి రాసుకుని, కందకం పూడ్చి, రిపోర్టు ఇస్తారు.

చాలా పొలాల్లో చెప్పుకోదగ్గదేమీ ఉండదు. అప్పుడు నిశ్చింతగా ఇళ్ళు కట్టుకోవచ్చు. ఏదైనా ఉంటే ఆ భాగాన్ని ఖాళీ స్థలంగా విడిచి లేఅవుట్ మార్చడమో, కట్టేముందు ఆ మేరకు పూర్తిగా తవ్వి నమోదు చేయడమో జరుగుతుంది. అరుదుగా తప్ప పని ఆగదు.

మన చట్టాలు, మన పొలాలు

మనకు చట్టాలు లేక కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. అలా తెలిపినవారికి భాగమో పరిహారమో కూడా ఆ చట్టంలోనే రాసి ఉంది. ఈ సంగతి తెలియకనే కూలీలు దొరికినదాన్ని కరిగించి అమ్ముకుంటారు. 1958 కేంద్ర చట్టం, 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం, 2017 తెలంగాణ వారసత్వ చట్టం ఉన్నాయి. 2010 సవరణతో కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధమైంది, ఆపైన రెండు వందల మీటర్లు అనుమతి తీసుకోవాలి.

ఇవన్నీ గుర్తించిన స్థలాలను కాపాడటానికి. ఎవరూ గుర్తించని పాటిచేనుకు వీటివల్ల పెద్దగా ఒరిగేది లేదు. పొలం ప్లాట్లుగా మారేటప్పుడు రోడ్ల వెడల్పు, కాలువలు, విడిచిపెట్టిన ఖాళీ స్థలం చూస్తారు. నేల కింద ఏముందని ఎవరూ అడగరు. హైదరాబాదు చుట్టూ మౌలాలి, హష్మత్‌పేట వంటి చోట్ల నిజాం కాలంలోనే బృహత్ శిలాయుగపు సమాధులు తవ్వి చూశారు. అప్పటి బయలు ఈనాడు బస్తీలు, కాలనీలు. 2015లో కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగినప్పుడు దానికి అమరావతి పేరు పెట్టుకున్నాం. రైతులు ఇచ్చిన భూమి సుమారు 34 వేల ఎకరాలు. ఎంత విస్తారంగా పొలం పట్నమవుతుందో చెప్పడానికే ఈ లెక్క. అమరావతి అన్న పేరే ముందుగా తవ్వి చూడాలన్న హెచ్చరికను మోస్తున్నది.

లేఅవుట్‌లో కొంత స్థలం ఎలాగూ పార్కుకో, ఖాళీగానో విడవాలి. పాటి ఎక్కడుందో ముందు తెలిస్తే ఆ విడిచే స్థలాన్ని దానిమీదనే విడవవచ్చు. ఎవరి గజాలూ తగ్గవు.

మనం చేయగలిగినది

తవ్వడం మన పని కాదు. ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ తవ్వరాదు కూడా. మనం చేయగలిగింది ఆ పంతులుగారు 1926లో చేసినది. ఆంధ్ర ప్రాంతంలో అడంగలు, ఎఫ్.ఎం.బి., తెలంగాణలో పహాణీ, సేత్వారు చేతులు నొప్పెట్టేలా రాసినవాళ్ళం మనం. ఏ సర్వే నంబరును ఊరివారు పాటి అనేవారో, ఏ దిబ్బ ఎంత ఎత్తుండేదో, ఏ చేలో నాగలికి పెద్ద ఇటుకలు తగిలేవో మనకు, మన ఊళ్ళలోని పెద్ద రైతులకు తెలుసు. కంప్యూటరు రికార్డులో సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది; పొలానికి ఊరివారు పెట్టిన పేరు వెతికితే దొరకడం కష్టం. ఆ పేర్లు తెలిసిన తరం మనతో సరి.

కనుక సభ్యులకు నా మనవి. మీ స్వగ్రామంలోనూ, మీరు పనిచేసిన ఊళ్ళలోనూ పాటి, దిబ్బ, గడ్డ, పాతూరు అన్న పేర్లున్న పొలాలు గుర్తున్నంతవరకు గ్రామం పేరు, సర్వే నంబరు, ఏ దిక్కున ఉన్నదీ వేసి ఒక తెల్లకాగితం మీద రాయండి. పట్టాదారు పేరు అక్కరలేదు. మన సంఘం జిల్లా శాఖలు వాటిని ఒకచోట చేర్చి, పురావస్తు శాఖకు ఒక ప్రతి, పట్టణాభివృద్ధి సంస్థకు ఒక ప్రతి రిజిస్టరు పోస్టులో పంపి, రసీదు ఫైలులో ఉంచితే బాగుంటుంది. ఉత్తరాలు రాయడం, నకలు దాచుకోవడం, జవాబు రాకపోతే జ్ఞాపిక పంపడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు తేవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.