బంగళా వాకిట వీడ్కోలు

గోదావరి కుడిగట్టున రామగుండము, గోదావరిఖని ప్రాంతమున నేడు నివసించువారిలో తాతముత్తాతల నాటినుండి ఆ మట్టినే నమ్ముకొనియున్న కుటుంబములు కొన్నియే. 1960 ప్రాంతమున బొగ్గుబాయిలు తెరచిన పిమ్మట కరీంనగరు పల్లెలనుండియు, కోస్తా జిల్లాలనుండియు, ఉత్తరదేశమునుండియు పొట్ట చేతబట్టుకొని వచ్చినవారి సంతతియే అధికము. కనుక ఎవరో వచ్చుట, కొంతకాలము మసలి పోవుట ఇచ్చటి పిల్లలకు క్రొత్త కాదు. బదిలీయైన తండ్రితోబాటు బెల్లంపల్లికో కొత్తగూడెమునకో తరలిపోయిన తోడి విద్యార్థి ఖాళీచేసిన చోటు ప్రతి తరగతిలోను ఉండనే యుండును. అయినను, క్రీస్తుసేవ పేర సముద్రము దాటి వచ్చి, పరుల బిడ్డలకు అక్షరములు దిద్దించి, ఒకనాడు పెట్టె సర్దుకొని పోయినవారి వీడ్కోలునకు ఈ మండలమున వేరొక చరిత్ర కలదు. అది బాయిలకంటె పాతది.

వెస్లియను మిషనువారు 1880 ప్రాంతమున సికింద్రాబాదున కుదురుకొని, ఆ దశాబ్దముననే కరీంనగరు వరకు వ్యాపించిరి. వారి రాకపోకలకును బొగ్గునకును గల సంబంధము విచిత్రమైనది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు చెంత బొగ్గును కనుగొనగా, 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. ఆ బొగ్గును మోయుటకు కూడ ఉద్దేశింపబడిన ఇనుపదారి వరంగల్లు మీదుగా 1889 నాటికి బెజవాడ చేరెను. కాజీపేట, బల్హార్షాల నడుమ దారి మాత్రము 1929లోగాని పూర్తి కాలేదు. అంతదనుక ఉత్తర తాలూకాలలో నుండు మిషనరీ స్వదేశమునకు పోవలెనన్న మొదట ఎడ్లబండి, పిదప రైలు, ఆపై బొంబాయినుండి మూడు వారముల ఓడ. ఇంత దూరము పోవువాడు వారమునకో నెలకో తిరిగివచ్చునని ఎవరును అనుకొనరు గదా! అందుచేత వీడ్కోలు ఒక ఉత్సవమైనది.

ఆ ఉత్సవపు తీరు మిషను బోర్డింగు పాఠశాలలన్నిటను ఇంచుమించు ఒక్కటే. బంగళా వాకిట చాపలు పరచి పిల్లలను బారులుగా కూర్చుండబెట్టుదురు. వెనుక కుర్చీలలో ఉపదేశకులు, పంతులమ్మలు, నడుమ బంతిపూల దండలలో గడ్డము దాక మునిగిన దొరసానమ్మ. పెద్ద పంతులు, చుట్టును పూలతీగెల అంచు వేయించి అచ్చొత్తించిన వీడ్కోలు పత్రమును గంభీరముగ చదువును. అందలి సమాసములు పిల్లలకే గాదు, దొరసానమ్మకును సగము అర్థము కావు. ఐనను ఆమె కన్నులు తుడుచుకొనును. ప్రార్థన, కీర్తన, ఫోటో ముగిసిన వెనుక బండి కదలును. పెద్ద పిల్లలు ఊరి పొలిమేర దాక వెంబడింతురు.

ఆ కన్నీరు ఉత్తుత్తిదని నేననను. దానికొక కారణము బంగళా లోపల కలదు. ఎండకును జ్వరములకును వెఱచియు, చదువుకొఱకును, మిషనరీలు తమ సొంత బిడ్డలను ఏడెనిమిదేండ్ల ప్రాయముననే సీమకు పంపివేయుట ఆనాటి వాడుక. వెస్లియను బోధకుల కొడుకులు చదువుకొనుటకు, 1748లో వెలసిన కింగ్స్‌వుడ్ పాఠశాల ఉండనే యున్నది. కన్న బిడ్డలు ఉత్తరములలో ఎదుగుచుండగా, కన్నులయెదుట ఎదిగినవారు పరుల బిడ్డలు. గుంటూరునకు 1842 జూలై 31న చేరిన లూథరను బోధకుడు హేయరు, భార్య గతింపగా, బిడ్డలను అమెరికాలోనే విడిచి వచ్చినవాడు. పోయి, మరల వచ్చి, డెబ్బదియారేండ్ల వయసున 1869లో మూడవ మారు ఈ దేశము త్రొక్కెను. మెదకున వెస్లియను మిషనరీ పోస్నెట్ దొర నలువది యేండ్లకు పైగా నిలిచెను. అంతటి నివాసము గలవానిని సాగనంప వచ్చినవారు, ఒకప్పుడు ఆయనయొద్ద ఓనమాలు దిద్ది, ఇప్పుడు తమ బిడ్డలను చంకనెత్తుకొని వచ్చినవారు.

ఈ ఎడబాటు తెల్లవారి సొత్తు మాత్రమే కాదు. ఇల్లందు రైలుశాఖ చీలు డోర్నకలునకు 1909లో వచ్చిన అజరయ్యగారు తిరునల్వేలి అరవవారు. 1903లో ఆ జిల్లా క్రైస్తవులు నెలకొల్పుకొని, ఆయనను ఇచ్చటికి పంపిన మిషను సంఘమునకు తెలుగుదేశము పరదేశమే. ఆయన 1912లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పై, 1945 జనవరి 1న తనువు చాలించువరకు ఇచ్చటనే యుండెను. ఆ 1903లోనే నెల్లూరు సీమనుండి జాన్ రంగయ్యగారు, దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకుతోటలలోని తెలుగు కూలీలకై ఓడయెక్కి, 1915లో ఆ గడ్డమీదనే కన్నుమూసిరి. ఉండిపోయినవారికి వీడ్కోలు పత్రముల అవసరము కలుగలేదు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడి, బడులు, బోర్డింగులు క్రమముగ స్థానికుల చేతికి వచ్చెను. దొరలు ఒక్కరొక్కరే వెడలిరి. ఇటీవలి దశాబ్దములలో వచ్చువారి తీరే వేరు: వేసవి సెలవులలో, రెండు మూడు వారములకు, విమానమున దిగిన విద్యార్థులు. పర్యాటక వీసామీద మతప్రచారము చట్టము ఒప్పదు గనుక కొందరు ఆటపాటలతోనే సరిపుచ్చుకొందురు. గోదావరిఖని చేరువ నొక హాస్టలులో అట్టి బృందము సెలవు తీసుకొనుట చూచితిని. చేతిఫోనులో బొమ్మలు తీసుకొనుట, కౌగిలింతలు, కన్నీరు అన్నియు జరిగినవి, నాలుగేండ్ల పిల్ల యొకతె మాత్రము క్రొత్తగా వచ్చిన నన్ను పట్టుకొని, "నువ్వెప్పుడు పోతవ్?" అని అడిగినది. 2010లో లిండా రిక్టర్, ఎమీ నార్మన్ అను పరిశోధకురాండ్రు ఆఫ్రికా అనాథాలయములను గూర్చి వ్రాసినది ఇదియే: తలిదండ్రులను కోలుపోయిన పసివాడు వచ్చిన ప్రతివారికి మనసిచ్చి, మరల మరల కోలుపోవుచున్నాడని. ముప్పదియేండ్లుండి పోయిన దొరసాని దుఃఖమును పిల్లలతో పంచుకొనెను. మూడు వారములవారు దానిని పిల్లలకే అప్పగించి పోవుచున్నారు.

మిషనరీలు తమ వేదనను లండనుకును బోస్టనుకును నివేదికలుగ వ్రాసి పంపిరి. అవి అచ్చై భద్రముగ నున్నవి. పిల్లల పక్షమున వ్రాసినవారు లేరు. చిన్ననాట కరీంనగరు బోర్డింగులో చదివి, పిదప బాయిలో టింబర్‌మ్యానుగ చేసి రిటైరైన ఒక పెద్దమనిషిని దొరసానమ్మ పోయిననాటి ముచ్చట చెప్పుమంటిని. ఉపన్యాసము, కీర్తన, ఏదియు ఆయనకు జ్ఞప్తి లేదు. "ఆమె పోయినంక మాకు మాపటిపూట పల్లీలు బెల్లం బంద్ వెట్టిన్రు. ఇంకొగామె అచ్చిందాక ఇయ్యలే," అనెను. అట్టివారు గోదావరిఖని వాడలలో ఇంకను కొందరున్నారు; టేపు రికార్డరు పట్టుకొని వారి గడపకు పోవలసిన పని చరిత్రకారులకు మిగిలియున్నది.