పాటలో ఎవరి వాటా ఎంత?

2017 మార్చిలో ఇళయరాజా తరఫు న్యాయవాది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి తాఖీదు పంపినప్పుడు, మన తెలుగు లోకం దాన్ని ఇద్దరు పెద్దమనుషుల అహంకారాల తగువుగా చూసింది. ఒకరిది అత్యాశ అన్నారు. ఇంకొకరిది నిర్లక్ష్యం అన్నారు. చిక్కడపల్లి టీ బంకుల దగ్గరా, నారాయణగూడ చౌరస్తాలోనూ నేను విన్న తీర్పు ఒక్కటే: "స్నేహితుల మధ్య డబ్బేమిటండీ!" కళాకారుల నడుమ డబ్బు మాట వస్తే కళ మైలపడిపోతుందని మనకు ఎవరు నేర్పారు? ఆ సిగ్గు వల్ల లాభపడినవాడెవడు? ఈ తగాదాను స్నేహధర్మం తూకంతో తూచడం నాకు సమ్మతం కాదు. దీని వెనుక నలభై ఏళ్ల ఆస్తి సంబంధాల చరిత్ర ఉంది.

ఆ చరిత్ర మద్రాసులో మొదలవుతుంది. హరికథకుడు సాంబమూర్తి కుమారుడు బాలు 1966 డిసెంబరులో కోదండపాణి సంగీత దర్శకత్వంలో 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' కోసం మొదటి పాట పాడాడు. ఆ తొలి రోజుల్లో కచేరీల కోసం ఒక లలిత సంగీత బృందాన్ని నడిపాడు. అందులో అనిరుత్త హార్మోనియం వాయించేవాడు; ఇళయరాజా మొదట గిటారు, ఆ తర్వాత హార్మోనియం; అతని అన్న భాస్కర్ తాళవాద్యాలు; తమ్ముడు గంగై అమరన్ గిటారు. అంటే ఆనాడు బృంద నాయకుడు బాలు, రాజా అతని వాద్యకారుడు.

ఆ రాజా ఎక్కడి నుంచి వచ్చాడన్నది మన పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. పణ్ణైపురం దళిత కుటుంబంలో పుట్టి, పద్నాలుగో ఏట అన్న పావలర్ వరదరాజన్ దళంలో చేరాడు. వరదరాజన్ కమ్యూనిస్టు పార్టీ సభల్లో పాడిన గాయకుడు. మన ప్రజానాట్యమండలి బుర్రకథ దళాలు ఊరూరా తిరిగినట్టే ఆ అన్నదమ్ములూ తమిళ గ్రామాలు తిరిగారు. ఆ పాటకు పేటెంటు లేదు, పద్దు లేదు. అది ఇంకా సరుకు కాలేదు. మద్రాసుకు వచ్చాక అతను గిటారు వాయించినవారిలో ఇప్టా నుంచి వచ్చిన సలీల్ చౌధురి ఉండడం కూడా యాదృచ్ఛికమే అయినా, గుర్తుంచుకోదగ్గ విషయం.

1976లో 'అన్నక్కిళి' వచ్చింది. అక్కడితో పాత్రలు తారుమారయ్యాయి. నిన్నటి వాద్యకారుడు నేడు గాయకుణ్ణి ఎంపిక చేసే సంగీత దర్శకుడయ్యాడు. 'సాగర సంగమం' (1983), 'రుద్రవీణ' (1988) చిత్రాలకు ఇద్దరూ జాతీయ పురస్కారాలు అందుకున్నారు. మొదటిదానికి వేటూరి, రెండోదానికి సిరివెన్నెల పాటలు రాశారు. ఈ ఇద్దరి పేర్లు ఎందుకు ఎత్తానో తర్వాత చెబుతాను.

ఈ పాటల మీద హక్కెవరిది? 'అన్నక్కిళి' వచ్చిన మరుసటి ఏడే, 1977 మార్చిలో, సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీకీ ఈస్టర్న్ ఇండియా నిర్మాతల సంఘానికీ మధ్య నడిచిన కేసు అది. నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న సాహిత్యానికీ, కట్టించుకున్న బాణీకీ, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే యజమాని అని తేల్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ మాత్రం ఆ తీర్పుకు తోకగా ఒక వేదన జోడించాడు: భారతీయ సంగీతంలో ప్రాణం పోసే గాయకుడికి ఈ చట్టంలో చోటే లేదని. తీర్పుకున్న బలం ఆ వేదనకు లేదు. కవి, సంగీతకర్త, గాయకుడు ముగ్గురూ ఒక్క విడత కూలీతో బయటికి నడిచారు. రికార్డులు, రేడియో, క్యాసెట్లు, ఆ తర్వాత టీవీ, ఫోన్ రింగులు – వీటి రాబడి అంతా నిర్మాతలకూ, వాళ్ల దగ్గర హక్కులు కొనుక్కున్న కంపెనీలకూ చేరింది.

1994 సవరణ ప్రదర్శకులకు హక్కులిచ్చింది గాని, సినిమాలో పాడడానికి ఒకసారి ఒప్పుకున్న గాయకుడికి అవి వర్తించకుండా చేసింది. 2012 సవరణ వచ్చాకనే కవికీ సంగీతకర్తకూ ఎవరికీ రాసివ్వడానికి వీల్లేని రాయల్టీ హక్కు దక్కింది. గాయకుడికీ రాయల్టీలో వాటా వచ్చింది. దానికోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డాడు. అయితే పాత సినిమాల హక్కులు నిర్మాతవా, రికార్డు కంపెనీవా, ఇళయరాజావా అన్న వ్యాజ్యాలు మద్రాసు హైకోర్టులో నడుస్తూనే వచ్చాయి.

ఈ నేపథ్యంలో తాఖీదు చూడండి. బాలు పాట మొదలుపెట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా, కుమారుడు చరణ్ రూపొందించిన కచేరీ యాత్ర అమెరికాలో ఉంది. చిత్రకు, చరణ్‌కు కూడా తాఖీదులందాయి. అనుమతి లేకుండా తన బాణీలు పాడితే చట్టరీత్యా చర్య తీసుకుంటామన్నది సారాంశం. బాలు ఫేస్‌బుక్‌లో బదులిచ్చాడు: ఈ చట్టం సంగతి తనకు తెలియదని, కెనడా, రష్యా, శ్రీలంక, మలేషియా, సింగపూర్, దుబాయిలలో పాడినప్పుడు రాని అభ్యంతరం ఇప్పుడే వచ్చిందని, చట్టాన్ని మన్నించి ఇకపై ఆ పాటలు పాడనని. ఇళయరాజాను ఎవరూ దూషించవద్దని కూడా కోరాడు. ఆ పాత బృందంలోని గంగై అమరనే అన్న చర్యను బాహాటంగా తప్పుపట్టాడు.

నా అభిప్రాయం దాచుకోను. టిక్కెట్లు అమ్మే కచేరీలో సంగీతకర్త తన వాటా అడగడం న్యాయమే. ఊరూరా ఊరికే పాడి పెరిగినవాడు అడిగితే మరీ న్యాయం. కాని అడగవలసింది కచేరీ పెట్టి లాభం తీసుకునే నిర్వాహకుణ్ణి. తోటి పనివాడి పేర తాఖీదు రాయడంతో, నలభై ఏళ్లు పాట మీద బతికిన యాజమాన్యం ప్రేక్షకుల వరసలో హాయిగా కూర్చుని తమాషా చూసింది. ఇది కొత్తేమీ కాదు. 1960ల తొలినాళ్లలో గాయకులకు రాయల్టీ కావాలని లతా మంగేష్కర్ అడిగితే, పారితోషికం తీసుకున్నాక మనకింకేం హక్కన్నాడు రఫీ. కొన్నేళ్లు ఇద్దరూ కలిసి పాడలేదు. రఫీది మంచితనమే. ఆ మంచితనం ఎవరి ఖజానాకు జమయిందో లెక్క చూసినవాళ్లు తక్కువ.

ఇక వేటూరి, సిరివెన్నెల మాట. 2017 నాటి ఆ రచ్చలో నేను చదివినంతలో కవి ఊసే లేదు. బాణీకి అనుమతి కావాలంటే మాటలకు అక్కర్లేదా? బడిలో పిల్లల్ని "ఈ పాట ఎవరిది?" అని అడిగితే హీరో పేరు చెబుతారు. వాళ్లను నవ్వడమెందుకు, సాహిత్య విద్యార్థులు మనమూ అదే చేశాం.

కవి కన్నా దిగువన ఇంకొకడున్నాడు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో జరిగే సినీ సంగీత విభావరులకు వెళ్లే మిత్రులు ఒక్కసారి గాయకుడి మీద నుంచి చూపు పక్కకు తిప్పండి. కీబోర్డు, తబలా, ప్యాడ్స్ వాయించేవాళ్లు సాయంత్రానికి ఇంత అని మాట్లాడుకుని వస్తారు. శాలువాలు, జ్ఞాపికలు, వక్తల ఉపన్యాసాలు అయ్యేదాకా వాద్యాల వెనుక కూర్చుని ఉంటారు. ఇప్పుడు వాళ్ల చోటును కరోకే ట్రాక్ ఆక్రమిస్తోంది. వాళ్లు వాయించే గిటారు బిట్టు మొదట రికార్డింగు థియేటర్లో ఎవరి వేళ్ల నుంచి వచ్చిందో సినిమా టైటిళ్లలో లేదు. ఒకనాడు బాలు వెనుక గిటారు పట్టిన ఇళయరాజా కూర్చున్నదీ ఆ వరసలోనే.

2019 జూన్ 2న చెన్నైలో ఇళయరాజా పుట్టినరోజు కచేరీలో బాలు మళ్లీ పాడాడు. ఆలింగనం ఫొటోలు అన్ని పత్రికల్లో వచ్చాయి. 2020 ఆగస్టులో బాలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు త్వరగా లేచి రమ్మని ఇళయరాజా వీడియోలో పిలిచాడు. సెప్టెంబరు 25న బాలు చనిపోయాడు. తగవు అంతటితో ముగిసిందని రాశారు. అది మనుషులకు సంబంధించినంత వరకు నిజం. 2024 ఏప్రిల్‌లో ఎకో రికార్డింగ్ కంపెనీ అప్పీలు విచారణలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తులే అడిగారు: మాటలు లేకుండా పాట ఎక్కడిది, రచయిత కూడా వచ్చి హక్కు అడిగితే ఏమవుతుంది? కవి పేరు న్యాయస్థానంలో వినిపించింది. గిటారు వాయించినవాడి పేరు ఇంకా ఎవరూ పిలవలేదు.